ఆకుకూర వేపుడుకు ఇనుప మూకుడు: ఎంతవరకు తగినది?

ఆకుకూర వేపుడు త్వరగా అయిపోయే వంట. పోపు గింజలు నూనెలో పడ్డప్పటి నుంచి పొయ్యి ఆపేవరకు పది పన్నెండు నిమిషాలకు మించి పట్టదు. ఇంత తక్కువ వ్యవధిలో ఏదైనా తప్పితే మధ్యలో దిద్దుకోవడానికి వీలుండదు కాబట్టి, పప్పు విషయంలోనో పులుసు విషయంలోనో అంతగా పట్టించుకోనక్కరలేని పాత్ర ఎంపిక ఈ వంటలో మాత్రం రుచిని నేరుగా శాసిస్తుంది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఇనుప రేకును అచ్చులో ఒత్తి చేసిన, గుండ్రని అడుగున్న, రెండు చెవుల మూకుడును. దాని అంచు వెడల్పు 26 సెంటీమీటర్లు, లోతు 8 సెంటీమీటర్లు, రేకు మందం 2.5 మిల్లీమీటర్లు, బరువు కిలోన్నర పైచిలుకు. లోపల ఎలాంటి పూతా లేదు. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: పులుపు లేని ఆకుకూరలను తరచుగా వేపుడు చేసుకునే ఇంటికి ఇంతకంటే మంచి పాత్ర నాకు తెలియదు. పుల్లటి ఆకులు వండాలనుకునేవారికి, వండిన కూరను పాత్రలోనే వదిలేసే అలవాటున్నవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయను.

ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆకులోని నీటి సంగతి చూడాలి. తాజా పాలకూర బరువులో దాదాపు 91 శాతం నీరే. అంటే అరకిలో ఆకు మూకుడులో వేశామంటే, అందులో నాలుగు వందల యాభై గ్రాముల నీరు ఏదో ఒక క్షణంలో బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నట్టే. వేడి తగలగానే ఆకు కణాల గోడలు మెత్తబడి, పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. ఆ నీరు ఊరే వేగంకంటే ఆవిరయ్యే వేగం ఎక్కువగా ఉంటే మనకు దక్కేది పొడిపొడిగా, పోపు వాసన పట్టిన వేపుడు. ఊరే వేగమే ఎక్కువైతే ఆకు తన నీటిలోనే ఉడికి ముద్దవుతుంది, పోపు గింజలు మెత్తబడతాయి, వెల్లుల్లి రుచి పలచబడుతుంది. వేపుడు బాగా రాలేదని చెప్పేవారిలో చాలామంది పోపు దినుసుల పాళ్లను అనుమానిస్తారు కానీ, నా అనుభవంలో అసలు కారణం ఎక్కువసార్లు ఈ నీరే.

ఇనుప మూకుడు ఇక్కడ చేసే మేలు నిజమైనదే అయినా, అమ్మేవారు చెప్పినంత అపరిమితమైనది కాదు. బరువైన ఇనుము చాలా వేడిని దాచుకుంటుందని, ఎంత కూర వేసినా చల్లబడదని ప్రకటనల్లో కనిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే ఉష్ణంతో సుమారు తొమ్మిది కిలోల ఇనుమును ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. అంటే కిలోన్నర మూకుడు ఎంత బాగా కాగి ఉన్నా, దానిలో దాగిన వేడి అరకిలో ఆకును మరిగే స్థాయికి తీసుకురావడానికి కూడా సరిపోదు. అదే ఆకును నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క గుప్పెడే వేస్తూ, ముందు వేసినది వాడి నీరు ఇగిరిన తరువాతే తరువాతి గుప్పెడు వేస్తే, ప్రతి విడతకూ మూకుడు తట్టుకుంటుంది; మధ్యలో పొయ్యి మంట దాన్ని మళ్లీ కాచి నిలబెడుతుంది. ఈ ఒక్క పద్ధతి పాటించకపోతే ఎంత ఖరీదైన ఇనుము కొన్నా ఉపయోగం లేదు. పాటిస్తే మాత్రం, పలచని అల్యూమినియం బాణలిలో ఎన్నడూ రాని ఫలితం దీనిలో వస్తుంది, ఎందుకంటే పలచని బాణలిలో ఆ కాస్త నిల్వ వేడి కూడా ఉండదు.

మూకుడు ఆకారం గురించి సమీక్షల్లో ఎవరూ పెద్దగా రాయరు కానీ, నాకు దీనిలో అన్నిటికంటే నచ్చినది అదే. అడుగు గుండ్రంగా ఉండటం వల్ల రెండు చెంచాల నూనె కూడా మధ్యలో చిన్న మడుగులా చేరి, ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర అందులో పూర్తిగా మునిగి వేగుతాయి. బల్లపరుపు పెనంలో అదే నూనె పలచగా పరుచుకుని, సగం ఆవాలు పొడి లోహం మీద మాడిపోతాయి. ఆ తరువాత ఆకు వేసి వాడిన వెంటనే దాన్ని గరిటెతో పక్కలకు ఎగదోస్తే, ఊరిన నీరు వాలు వెంట జారి మంట సూటిగా తగిలే నడిమికి చేరుతుంది, అక్కడ చుయ్యిమంటూ నిమిషంలో ఇగిరిపోతుంది. పక్కన ఉన్న ఆకు ఆ నీటిలో నానకుండా పొడిగా మగ్గుతుంది. నీరు పోయిందనిపించగానే ఆకును మళ్లీ నడిమికి దించి పోపుతో కలపాలి. నీరు ఉన్నంతసేపు మధ్యలో పెద్ద బుడగలతో గలగలమనే చప్పుడు వస్తుంది. నీరు పోయాక ఆ చప్పుడు సన్నబడి, నూనెలో వేగే చిటపటగా మారుతుంది. ఉప్పు వేయవలసింది అప్పుడే. ముందే వేస్తే ఉప్పు ఆకులోని నీటిని త్వరగా లాగేస్తుంది. పైగా రాశిగా కనిపించే పచ్చి ఆకును చూసి వేసిన ఉప్పు, అది పిడికెడు కూరగా తగ్గాక ఎక్కువైపోతుంది.

పోపు విషయంలో మాత్రం ఈ మూకుడు స్వభావాన్ని తెలుసుకుని నడుచుకోవాలి. మంట తగ్గించినంత మాత్రాన ఇనుము వెంటనే చల్లారదు. పలచని బాణలిలో మంట తగ్గించగానే పోపు శాంతిస్తుంది, ఇందులో మరో అర నిమిషం అదే ఊపులో వేగుతూనే ఉంటుంది. అందుకని దినుసులు వేసే వరుసకు ఇక్కడ ఎక్కువ విలువ ఉంది. మూకుడును మధ్యస్థపు మంట మీద రెండు నిమిషాలు కాచి, ఒక నీటి చుక్క వేసి చూడాలి. చుక్క అంటుకుని ఇగిరిపోకుండా పూసలా దొర్లితే చాలినంత కాగినట్టు. ఆ తడి తుడిచి, మంట బాగా తగ్గించి, నూనె వేసి, ముందు మినప్పప్పు వేయాలి, ఎందుకంటే ఎరుపెక్కడానికి దానికే ఎక్కువ సమయం కావాలి. అది లేత బంగారు రంగుకు రాగానే ఆవాలు, అవి చిటపటలాడుతుండగా జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి వేయాలి. చితక్కొట్టిన వెల్లుల్లి అన్నిటికంటే చివర. వెల్లుల్లి అంచులు ఎరుపెక్కేదాకా ఆగకుండా, వాసన లేచిన వెంటనే మంట పూర్తిగా పెంచి మొదటి గుప్పెడు ఆకు వేసేయాలి. ఆ ఆకు తడే పోపును మాడిపోకుండా ఆపుతుంది. మాడిన వెల్లుల్లి చేదు ఆకుకూర మొత్తానికి పట్టేస్తుంది, దానికి విరుగుడు లేదు.

ఈ మూకుడుకు మూత రాలేదు. దీన్ని లోపంగా రాసినవారు ఉన్నారు కానీ, వేపుడు వరకు మూత లేకపోవడమే మంచిదని నేను భావిస్తాను. మూత పెడితే ఆవిరి నీరై మళ్లీ కూరలోకే పడుతుందన్నది అందరికీ తెలిసిన సంగతి. అంతగా చర్చకు రాని కారణం రంగుకు సంబంధించినది. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం అయాన్ ఉంటుంది. వేడి, ఆమ్లం రెండూ కలిసినప్పుడు ఆ మెగ్నీషియం తొలగి, దాని స్థానంలో హైడ్రోజన్ చేరుతుంది. అప్పుడే పచ్చదనం పోయి మాసిన గోధుమ ఛాయ వస్తుంది. ఆకు ఉడికే తొలి నిమిషాల్లో దాని కణాల్లోని ఆమ్లాలు బయటపడతాయి, వాటిలో కొన్ని ఆవిరితోపాటు ఎగిరిపోయే రకం. మూత లేకపోతే అవి పోతాయి, మూత ఉంటే తిరిగి కూరలో కలుస్తాయి. వేగంగా, మూత లేకుండా వేయించిన తోటకూర పచ్చగా మిగలడానికి, అదే కూర మూతపెట్టి చాలాసేపు మగ్గిస్తే నల్లబడడానికి కారణం ఇదే.

ఇక ఏ ఆకుకు ఇది ఎంత బాగా పనిచేస్తుందో చూద్దాం. తోటకూరకు ఈ మూకుడు అద్భుతంగా సరిపోతుంది. కాడలను సన్నగా తరిగి ముందుగా వేసి, రెండు నిమిషాల తరువాత ఆకు వేస్తే రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి. మెంతికూర ఇందులో వేగినంత బాగా మరే పాత్రలోనూ వేగడం నేను చూడలేదు. నీరు త్వరగా పోయి ఆకు అంచులు కాస్త కరకరలాడే స్థితికి రావడంతో దాని చేదు ముక్కుకు తగిలే సువాసనగా మారుతుంది. మునగాకులో నీరు తక్కువ కాబట్టి అది త్వరగా అంటుకుంటుంది, మంట తగ్గించి ఓపికగా కలుపుతూ ఉండాలి. పాలకూరలో నీరు, ఆక్సాలిక్ ఆమ్లం రెండూ ఎక్కువే. త్వరగా వేయించి తీసేస్తే ఇబ్బంది లేదు గాని, పాత్రలో కాసేపు నిలిచినా రంగు ముదురుతుంది. బచ్చలికి దీన్ని వాడమని చెప్పను. దానిలోని జిగురు ఇనుముకు పట్టుకుంటుంది, నీరంతా పోయేదాకా వేయిస్తే ఆకులో ఏమీ మిగలదు.

గోంగూర, చుక్కకూర అసలు వద్దు. చుక్కకూర పులుపు ప్రధానంగా ఆక్సాలిక్ ఆమ్లం వల్ల వచ్చేదే. తుప్పు వదిలించే ద్రావణాల్లో వాడే ఆమ్లాల్లో అది కూడా ఒకటంటే, దాన్ని ఇనుములో మరిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కూర నల్లబడుతుంది, నాలుకకు లోహపు రుచి తగులుతుంది, ఎన్నో వంటల తరువాత మూకుడుకు పట్టిన నల్లని నూనె పొర కరిగి బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. టమాటా, చింతపండు కలిపే వంటలకూ ఇదే వర్తిస్తుంది. నిమ్మరసం ఇష్టమైనవారు కూరను వేరే గిన్నెలోకి తీసిన తరువాతే పిండుకోవాలి. అలా చేయడంలో ఇంకో లాభం ఉంది. నిమ్మలోని విటమిన్ సి వేడికి చెడకుండా మిగిలి, ఆకుకూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది.

ఇనుము ప్రస్తావన వచ్చింది కాబట్టి ఈ పాత్రల ప్రకటనల్లో వినిపించే ఆరోగ్య వాగ్దానం గురించి కూడా చెప్పాలి. ఇనుప పాత్రలో వండితే ఆహారంలోకి ఇనుము చేరుతుందన్నది నిజమే. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం రకరకాల వంటకాలను ఇనుప పాత్రలో వండి పరీక్షించి, వాటిలో ఎక్కువ వాటికి ఇనుము గణనీయంగా పెరిగిందని చూపింది. అయితే ఆ పెరుగుదల వంటకంలోని పులుపు, తేమ, ఉడికే సమయం మీద ఆధారపడి ఉంటుందని కూడా అదే అధ్యయనం తేల్చింది. మన వేపుడు పుల్లనిది కాదు, పొడిది, పది నిమిషాల్లో అయిపోయేది. పైగా పాత్ర పాతబడి నూనె పొర గట్టిపడేకొద్దీ ఇనుము బయటికి రావడం తగ్గుతుంది. అంటే వేపుడును రుచిగా తయారుచేసే పరిస్థితులే ఇనుము కూరలో చేరడాన్ని తగ్గించే పరిస్థితులు కూడా. రక్తహీనతకు మందుగా దీన్ని కొనుక్కోవడం సరికాదు. మరోవైపు, తలసేమియా వంటి కారణాలతో శరీరంలో ఇనుము పేరుకుపోయే సమస్య ఉన్నవారు ఇంట్లో ఉంటే, ఇనుప పాత్రలు వాడే ముందు వైద్యుణ్ణి అడగడం తప్పనిసరి. ఈ హెచ్చరిక నేను కొన్న మూకుడు పెట్టె మీద ఎక్కడా లేదు. ఉండవలసింది.

పెట్టె మీద లేనివి మరికొన్ని ఉన్నాయి. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు పొరను ముందు వేడినీటితో, సబ్బుతో రుద్ది పూర్తిగా తీసేయాలని తయారీదారు స్పష్టంగా రాయలేదు. ‘వాడేముందు కడగండి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ జిడ్డు మిగిలి ఉండగానే సీజనింగ్ (నూనె పూసి కాచి నల్లని పొర పట్టించడం) చేస్తే కొత్త పొర ఒలిచినట్టుగా ఊడిపోతుంది, మొదటి కూరల్లో నూనెడబ్బా వాసన వస్తుంది. సరైన పద్ధతి కష్టమైనది కాదు. కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, వంటనూనెను బట్టతో లోపలా బయటా పూసి, పూసినట్టు కనిపించనంతగా మళ్లీ తుడిచేసి, పొగ వచ్చి ఆగేదాకా కాచాలి. ఇలా మూడు నాలుగు విడతలు చేయాలి. నూనె పలచగా ఉన్నప్పుడే వేడికి గట్టిపడి నల్లని నునుపైన పొరగా మారుతుంది. మందంగా ఉంటే జిగటగా మిగిలిపోతుంది. కిటికీలు తీసి చేయడం మంచిది, పొగ తక్కువేమీ రాదు. ఆ తరువాత కూడా మొదటి కొన్ని వంటలు ఆకుకూరలు కాకుండా ఉల్లిపాయలో, బంగాళదుంపలో వేయించుకుంటే పొర స్థిరపడుతుంది. ఈ ఓపిక లేనివారికి ముందే సీజనింగ్ చేసి అమ్మే రకాలు దొరుకుతాయి కానీ, వాటి పొర కూడా ఇంట్లో వాడగా వాడగా బలపడవలసిందే.

తయారీలో నాకు అసంతృప్తి కలిగించిన సంగతి చెవుల అతుకు. ఒక్కొక్క చెవిని రెండు రివెట్లతో బిగించారు, ఆ రివెట్ల తలలు లోపలివైపు పొడుచుకుని ఉన్నాయి. ఆకు తునకలు వాటి చుట్టూ ఇరుక్కుని, కడిగినా పోకుండా మాడి పేరుకుంటాయి. కొనేవారు వెల్డింగ్ చేసిన చెవులున్న మూకుడు ఎంచుకుంటే ఈ బాధ ఉండదు, అయితే అతుకు చుట్టూ పగుళ్లు లేకుండా చూసుకోవాలి. చెవులు వంట మొదలైన నాలుగైదు నిమిషాలకే చేయి కాలేంత వేడెక్కుతాయి కాబట్టి మసిగుడ్డ చేతికందేలా పెట్టుకోవాలి. కూరను వేరే గిన్నెలోకి వంచేటప్పుడు కిలోన్నర బరువు రెండు చేతులూ అడుగుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

శుభ్రం చేయడం గురించి భయపెట్టేంతగా రాస్తారు. నిజానికి మరీ అంత పని లేదు. కూర తీసేసిన వెంటనే, మూకుడు ఇంకా గోరువెచ్చగా ఉండగా వేడినీళ్లు పోసి కొబ్బరిపీచుతో రుద్దితే చాలా మటుకు వదులుతుంది. కాస్త సబ్బు వాడినా ఫరవాలేదు. గట్టిపడిన నూనె పొరను పాత్రల సబ్బు కరిగించదు, గరుకు తీగపీచు మాత్రం గీకేస్తుంది. ఇత్తడి పాత్రలకు చేసినట్టు చింతపండుతో తోమడం దీనికి అపకారం. కడిగాక పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా పోయేలా కాచి, ఒక చుక్క నూనె పూసి పెట్టాలి. సింకులో నానబెట్టి ఉదయం తోముకుందామంటే తెల్లారేసరికి నారింజరంగు తుప్పు తేలుతుంది. తుప్పు పట్టిన మూకుడు చెడిపోయినట్టు కాదు, రుద్ది మళ్లీ సీజనింగ్ చేస్తే మామూలవుతుంది. కానీ ఇంట్లో పాత్రలు తోమే పని పలువురు పంచుకునే చోట, ఈ నియమం అందరికీ తెలియకపోతే ఆ శ్రమ పదే పదే తప్పదు.

ఇతర పాత్రలతో పోల్చి చూస్తే, నాన్‌స్టిక్ పెనం తక్కువ నూనెతో, అంటుకోకుండా పని కానిస్తుందన్నది కాదనలేం. కానీ దాని పీటీఎఫ్ఈ (అంటుకోకుండా చేసే ఒక రకం ప్లాస్టిక్) పూత 260 డిగ్రీల సెల్సియస్ దాటితే క్షీణించడం మొదలవుతుంది కాబట్టి, ఆకు వేయకముందు పాత్రను ఖాళీగా బాగా కాచే ఈ పద్ధతికి అది తగదు. స్టెయిన్‌లెస్ స్టీలు పులుపుకు చలించదు, గోంగూరకు దాన్నే వాడాలి. అయితే అది ఇనుముకంటే చాలా నెమ్మదిగా వేడిని ప్రసరింపజేయడం వల్ల, అడుగున అల్యూమినియం పొర లేని పలచని రకంలో మంట తగిలినచోట మాత్రమే మాడుతుంది. క్యాస్ట్ ఐరన్ అని పిలిచే పోత ఇనుప మూకుడు వేడిని ఇంకా ఎక్కువగా నిలుపుతుంది కానీ, మందం వల్ల కాగడానికి చాలాసేపు పడుతుంది, మంట పెంచినా తగ్గించినా ఆలస్యంగా స్పందిస్తుంది. పది నిమిషాల వంటకు ఆ ఆలస్యం భారమే. రేకు మూకుడు పలచని పాత్రలకూ పోత ఇనుముకూ నడుమ, వేపుడుకు కావలసిన చోట నిలుస్తుంది.

కొనాలనుకునేవారు కొలత, అడుగు ఆకారం, రేకు మందం చూసుకుంటే చాలు. ముగ్గురు నలుగురికి సరిపడా అరకిలో ఆకుకు 26 సెంటీమీటర్ల వెడల్పు సరిగ్గా సరిపోతుంది. అంతకంటే ఎక్కువ వండేవారు 30 సెంటీమీటర్లది తీసుకోవాలి, ఎందుకంటే కిక్కిరిసిన మూకుడులో ఆకు వేగదు, ఉడుకుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద ఇనుము చక్కగా పనిచేస్తుంది కానీ, గుండ్రని అడుగు గాజుపలకకు ఒక్క బిందువు దగ్గరే ఆనుతుంది, కాబట్టి అలాంటివారు అడుగు కొంతమేర చదునుగా చేసిన రకమే కొనాలి. రేకు మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గితే వద్దు.